పుంగనూరు దాటాక

బందర్ అబ్బాస్, ఇరాన్
26 ఫిబ్రవరి 2024

హెలెన్ వదినకు,

ప్రభువు దయవల్ల బండీ నేనూ క్షేమంగా ఒడ్డు చేరాం.

"ఫోన్ చేయొద్దు. వార్డులో ఉంటే ఎత్తలేను, ఎత్తితే ఏడవకుండా ఉండలేను. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు, నిదానంగా చదువుకుంటా" అన్నావు కదా. అందుకే హోటల్ గదిలో మంచం మీద పుస్తకం పెట్టుకుని రాస్తున్నాను. నా చేతిరాత నీకు అర్థమవుతుందో లేదో. ల్యాబులో రిపోర్టులు రాసీ రాసీ ఇట్లా తయారైంది.

బండిని చెన్నై రేవులో పెట్టెకెత్తించి దుబాయికి పంపడం, నేను విమానంలో పోయి దాన్ని విడిపించుకోవడం, షార్జాలో మళ్ళీ ఓడెక్కించడం, వీటన్నిటికీ పదహారు రోజులు పట్టింది. ఇక్కడ దిగగానే కస్టమ్స్ ఆఫీసరు కార్నెట్ అడిగాడు. అంటే బండికి పాస్‌పోర్టు లాంటి పుస్తకంలే. ఎందాకా అన్నాడు. సుదర్శన్ గీసిన మ్యాపు బల్ల మీద పరిచాను. మదనపల్లెలో మొదలైన ఎర్ర పెన్సిలు గీత పదిహేను దేశాలు దాటి, నార్వేలో రోడ్డు అయిపోయి సముద్రం మొదలయ్యే నార్త్ కేప్ దాకా పోతుంది కదా, ఆ గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపాడు. ఎందుకు పోతున్నావన్నాడు. నా భర్త జాగ్రఫీ టీచరు అన్నాను. ముద్ర వేశాడు.

బయలుదేరిన రోజు నువ్వు రాలేకపోయావు కాబట్టి చెబుతున్నా. స్కూలు గేటు దగ్గర పిల్లలంతా వరుసగా నిలబడ్డారు. హెడ్మాస్టర్ మునిస్వామి సార్ జెండా ఊపారు. గేటు మీద సుదర్శన్ ఫోటోతో బ్యానరు కట్టారు. "వేగం వద్దు, సుదర్శన్ సార్‌ను మరవొద్దు" అని. జూన్ 19కి, ఆయన పోయి రెండేళ్ళయ్యే రోజుకి, నేను నార్త్ కేప్ చేరాలట. ఆ రోజు స్కూల్లో రోడ్డు భద్రత దినం. నేను అక్కడి నుంచి వీడియోలో పిల్లలతో మాట్లాడాలట. సరే అన్నాను.

పుంగనూరులో మెకానిక్ మోసిన్ బండిని ఆఖరిసారి విప్పి చూసి, "మేడమ్, ఇది మొండి బండి. వెయ్యి కిలోమీటర్లకొకసారి చైను సూడండి, సాలు. మిగతాది అల్లా సూస్తాడు" అన్నాడు. పడిన బండిని మళ్ళీ నిలబెట్టినవాడు కదా, ఆ మాటకే ధైర్యం వచ్చింది.

రేపు ఎడారిలోకి. ప్రార్థనలో తలచుకో.

నీ జెమీమా

*

కుప్పం
5 మార్చి 2024

అమ్మా జెమీమా,

నీ ఉత్తరం డ్యూటీ దిగాక బస్టాపులో నిలబడి చదివాను. బస్సు పోయింది. ఇంకో బస్సులో వచ్చాను.

అక్కడ ఏం తింటున్నావో ఒక్క ముక్క రాయలేదు. నీకు రక్తం తక్కువ. ఖర్జూరాలు దొరుకుతాయి కదా, జేబులో పెట్టుకో. నెత్తిన గుడ్డ కట్టుకుని పైన హెల్మెట్ పెట్టుకుంటే చెమటకు పొక్కులొస్తాయి, సాయంత్రం పూట తల కడుక్కో.

మీ ఫిలిప్ మొన్న మా ఆసుపత్రికి ఎవరినో చూడ్డానికి వచ్చి నా దగ్గరికీ వచ్చాడు. "వదినా, నువ్వన్నా ఆపుండాల మా అక్కని. మొగుడు పోయిన ఆడది, అదే బండెక్కి దేశాలు తిరుగుతాందని ఊరంతా అంటాండారు" అన్నాడు. ఆపితే ఆగే మనిషిని అయితే మా తమ్ముడు పెళ్ళి చేసుకుని ఉండడులే అన్నాను. నవ్వలేదు.

అమ్మ పోయినప్పుడు సుదర్శన్‌కి ఏడేళ్ళు, నాకు పంతొమ్మిది. వాడికి అన్నం ముద్దలు పెడుతుంటే ప్రతి ముద్దకీ ఒక ఊరి పేరు చెప్పమనేవాడు. పుంగనూరు ముద్ద, చౌడేపల్లె ముద్ద, కలికిరి ముద్ద. ఊళ్ళు అయిపోతే నోరు మూసుకునేవాడు. వాడికి అన్నం పెట్టడానికే నేను అట్లాసు కొన్నాను. ఆ మ్యాపు చూసిన ఆఫీసరుకు ఇదంతా చెప్పలేము కదా.

ఆ వీడియో సంగతి నీ ఇష్టం. సరే అన్నావంటున్నావు. ఏం చెబుతావో ముందుగా నాకు రాస్తావా?

మీ వదిన
హెలెన్

*

యజ్ద్, ఇరాన్
16 మార్చి 2024

వదినా,

ఖర్జూరాలు జేబులో ఉన్నాయి. రోజుకు పది తింటున్నా. సరేనా?

ఎడారి అంటే ఇసుక అనుకున్నా. ఇక్కడ ఎక్కువగా రాళ్ళే. ఎండిపోయిన మన చెరువు గర్భంలా పగిలిన నేల, చాలా దూరంలో బూడిదరంగు కొండలు. గంట సేపు నడిపినా కొండలు దగ్గరికి రావు. లారీలవాళ్ళు పక్కగా వచ్చి, ఆడమనిషినని చూసి, కిటికీలోంచి నారింజపండ్లు అందించబోతారు. నడిచే బండి మీద నేనెట్లా అందుకునేది! ముందుకు పోయి ఆపి, దిగి, ఇచ్చి పోతారు.

నిన్న ఊరి బయట పడ్డాను. భయపడకు, చిన్నదే. మేకల మంద దాటుతోంది. చాలా దూరం నుంచే కనబడింది, చాలా నిదానంగానే ఉన్నాను. అయినా చేతులు కొయ్యబారిపోయాయి. బండి ఆపాను గానీ కాలు కింద పెట్టడం మరిచిపోయాను. నిలబడిన బండితో నిలబడినట్టే పక్కకు ఒరిగిపోయాను. మోచెయ్యి గీరుకుంది అంతే.

మేకల వెంట ఉన్న ఆమె పేరు మహీన్. ఇంటికి తీసుకెళ్ళి చెయ్యి కడిగి టీ ఇచ్చింది. గోడ మీద ఒక మనిషి ఫోటో చూపించి, అరచేతులు మూసి చెంప కింద పెట్టుకుంది. పోయాడని. నేను ఫోన్‌లో సుదర్శన్ ఫోటో చూపించి అట్లాగే పెట్టుకున్నాను. ఎట్లా అని చేతితో అడిగింది. నేను చెప్పాను వదినా. ఫోన్‌లో తర్జుమా చేసే యాప్ ఉంది, అది తెరవలేదు. తెలుగులోనే చెప్పాను, అర్ధగంట. ఆమె ఒక్క మాట అర్థం కాకుండానే మధ్య మధ్యలో తల ఊపుతూ విన్నది. లేచేటప్పుడు నా నుదుటి మీద ముద్దు పెట్టింది.

వీడియోలో ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు. టైముంది కదా.

నీ జెమీమా

*

కుప్పం
3 ఏప్రిల్ 2024

అమ్మా జెమీమా,

ఈస్టరు పండగకు మదనపల్లె పోయాను. పొద్దున్నే సమాధుల దగ్గర ఆరాధన. సుదర్శన్ రాయి కడిగి బంతిపూలు పెట్టాను. నీ పేరు మీద కూడా పెట్టాను.

మునిస్వామి సార్ వచ్చి పలకరించారు. పిల్లలకు పాట నేర్పిస్తున్నారట. సార్ తొందరపడ్డాడు, మనం తొందరపడకూడదు అని దాని భావం. స్కూలు ప్రహరీ మీద వాడి బొమ్మ గీయిస్తున్నారు, పక్కన స్పీడు మీటరు బొమ్మ. మంచి మనసుతోనే చేస్తున్నారాయన. "వాడు పోయినా వాడి వల్ల నలుగురు పిల్లోళ్ళు బతకల్ల కదమ్మా" అన్నారు. తల ఊపాను.

ఫిలిప్ పక్కనే ఉండి, "బావకు తొందర యెక్కువే సార్" అన్నాడు.

జెమీమా, వాడికి తొందర ఎక్కడిది? ఇడ్లీ కూడా అరగంట తినేవాడు. చెప్పులు వేసుకోవడానికి అంత సేపు పట్టేది వాడికి, నీకు తెలియనిదా?

మేకల దగ్గర పడ్డానని రాశావు. ఆమెకు చెప్పానని రాశావు. ఏం చెప్పావో రాయలేదు. రెండేళ్ళలో ఆ రోజు గురించి నేను నిన్ను ఒక్కసారి కూడా అడగలేదు. ఇప్పుడూ అడగడం లేదు. రాయాలనిపిస్తే రాయి.

మోచేతికి టెటనస్ ఇంజెక్షన్ వేయించుకున్నావా?

వదిన

*

ట్రాబ్జోన్, టర్కీ
21 ఏప్రిల్ 2024

వదినా,

అర్మేనియా, జార్జియా దాటాను. మంచు కొండల మీద నడిపాను. వాటి గురించి రాయాలని రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీ ఉత్తరం చదివాక ఇంకేదీ రాయలేకపోతున్నా.

ఆ ఆదివారం నీ ఇంట్లో అన్నం తిని రెండింటికి బయలుదేరాం. నీ వీధి చివర దాకా నువ్వు చూసింది ఆయన నడపడమే. పలమనేరు దాటి పుంగనూరు దాకా ఆయనే నడిపారు. పుంగనూరు బస్టాండు దగ్గర టీ తాగాం. తాళం నా చేతిలో పెట్టి, "ఇంగ నువ్వు. ఇంటిదాకా నువ్వే" అన్నారు. పదిహేను దేశాలు ఒక్కడే నడపలేను, నువ్వూ నేర్చుకోవాలని వెంటపడేవారు కదా. నాకు ఎల్లెల్లార్ వచ్చి రెండు నెలలు. తన హెల్మెట్ నాకిచ్చి, పాతది ఆయన పెట్టుకున్నారు.

పుంగనూరు దాటాక రోడ్డు ఖాళీగా ఉంది. నలభై దాటలేదు వదినా, నలభై కూడా లేదు. ఆయన వెనకాల కూర్చుని ఎడమ పక్క గుట్టలు చూపిస్తున్నారు. వాటి వయసు రెండు వందల యాభై కోట్ల సంవత్సరాలు అన్నారు. నేను తల తిప్పబోతే, "అన్నేండ్లు ఆగినాయి, ఇంగో అయిదు నిమిషాలు ఆగుతాయిలే. నువ్వు ముందర సూడు" అన్నారు. నవ్వుతున్నారు. నేను ముందే చూస్తున్నా. దూడ ఒకటి తాడుతో సహా పొలంలోంచి ఎగిరి అడ్డంగా వచ్చింది. నేను ముందు బ్రేకు పట్టేశాను. రెండూ కలిపి పట్టాలని వందసార్లు చెప్పారు. ముందుదే పట్టాను.

తెలివి వచ్చేసరికి మదనపల్లె ఆసుపత్రిలో ఉన్నా. ఆయన దారిలోనే పోయారని అప్పటికి ఎవరూ చెప్పలేదు. కానిస్టేబులు కాగితం పట్టుకుని నా మంచం దగ్గర నిలబడి, "బండి ఎవురు నడుపుతాండింది?" అన్నాడు. నేను నోరు తెరవక ముందే ఫిలిప్, "మా బావ సార్" అన్నాడు. అతను పోయాక వంగి నా చెవిలో, "అక్కా, నీకు లైసెన్సు లేదు. కేసవుతుంది. బావ యెట్లా లేడు" అన్నాడు. ఆయన లేడని నాకు తెలిసింది అట్లా.

నేను అవుననలేదు వదినా. కాదనీ అనలేదు. తరువాత ప్రతి రోజూ కాదనడం కష్టమవుతూ వచ్చింది. నువ్వు కుప్పం నుంచి వచ్చి పది రోజులు నాకు సేవ చేశావు. ప్రతి ఆదివారం నన్ను పిలిచి అన్నం పెట్టావు. ఈ ప్రయాణానికి అందరూ వద్దంటే నువ్వొక్కదానివే పొమ్మన్నావు. నువ్వు ఎంత మంచిగా ఉంటే నాకు అంత నోరు రాలేదు.

బండి నడిపి నీ తమ్ముడిని చంపింది నేను. ఆయన తొందరపడలేదు.

జెమీమా

*

ఇస్తాంబుల్
12 మే 2024

వదినా,

ఇరవై ఒక్క రోజులయింది. మీరు చదివినట్టు ఫోన్‌లో గుర్తు కనబడుతోంది. రాయకపోవడమే మీ జవాబు అయితే దానికి నేను తగినదాన్నే.

టర్కీ మొత్తం దాటాను. ఏం చూశానో అడిగితే చెప్పలేను. సముద్రం పక్కన రోడ్డు, వాన, పెట్రోలు బంకులు. రేపు బల్గేరియా సరిహద్దు. ఆపై రుమేనియా. జూన్ 19కి ఇంకా టైముంది, చేరతాను. చేరి ఏం చేయాలో మాత్రం తెలియడం లేదు.

మీ ఆరోగ్యం ఎట్లా ఉంది? ఒక్క మాట, తిట్టయినా సరే, రాయండి.

జెమీమా

*

కుప్పం
24 మే 2024

జెమీమా,

మొదటిసారి నన్ను మీరు అన్నావు. అది చదివాకే పెన్ను తీశాను. నాతో దూరంగా ఉండి మర్యాద చేయొద్దు.

నాకు తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు.

నీకు స్నానం చేయించింది నేను. నీ రెండు తొడల లోపలి వైపు నల్లగా కమిలి ఉంది. పెట్రోలు ట్యాంకు కొట్టుకుంటే అట్లా కములుతుంది. ముందు కూర్చున్న మనిషికే అది తగిలేది. ముప్పై ఏళ్ళుగా యాక్సిడెంటు కేసులు చూస్తున్నదాన్ని. వాణ్ణి కడిగి గుడ్డలు వేసింది కూడా నేనే. వాడి ఒంటి మీద అట్లాంటి గుర్తు ఒక్కటి లేదు. వాడి అరచేతులు శుభ్రంగా ఉన్నాయి, అన్నం తిని కడుక్కున్నట్టు.

దూడ అడ్డం వచ్చింది, నువ్వు బ్రేకు పట్టావు. పట్టకపోతే దూడను కొట్టి ఇద్దరూ పడేవాళ్ళు. నువ్వు నా తమ్ముడిని చంపలేదు. అట్లా ఇంకెప్పుడూ రాయొద్దు. అందులో నేను క్షమించాల్సింది ఏమీ లేదు.

కానీ ఫిలిప్ చెప్పిన అబద్ధం ఒక్క నిమిషం. దాని తరువాత రెండేళ్ళున్నాయి. ఆ రెండేళ్ళు నీవి. ఊళ్ళో ప్రతి నోరూ వాడిది తొందర అంది. నిరుడు స్కూల్లో ఆరు వందల మంది పిల్లలు వాడి ఫోటో కింద నిలబడి వేగం వద్దని అరిచారు. నువ్వు స్టేజీ మీద కూర్చుని చప్పట్లు కొట్టావు. వాడు పాఠం చెప్పిన పిల్లల ముందర, వాడు చేయని తప్పుకు.

నేనూ కొట్టాను. మూడో వరుసలో కూర్చుని.

నేనెందుకు చెప్పలేదని అడుగుతావేమో. చెబితే నువ్వు మళ్ళీ నా గడప తొక్కవు. తమ్ముడు పోయాడు. నువ్వూ పోతే ఆదివారం నా ఇంటికి వచ్చేదెవరు? నువ్వు మిగలడం కోసం వాడి పేరు పోతే పోనీ అనుకున్నా. పిల్లప్పటి నుంచి పెంచినదాన్ని, వాడికి నేను చేసింది ఇది. ప్రతి ఆదివారం నీ ముందు పళ్ళెం పెట్టి, ఈరోజు చెబుతుందేమో అని చూసేదాన్ని. నువ్వు కూర బాగుంది వదినా అనేదానివి.

ఈ నెల రోజులు రాయలేదంటే కోపంతోనే. నీ మీద ఎంతో నా మీద ఎంతో నాకే తెలియలేదు.

జూన్ పంతొమ్మిదిన అక్కడ నిలబడి ఏం చెబుతావో నేను చెప్పను.

హెలెన్

*

బ్రషోవ్, రుమేనియా
29 మే 2024

వదినా,

నీ ఉత్తరం ఒక పెట్రోలు బంకులో చదివాను. చదివాక బండి స్టార్టు చేయలేకపోయాను. బంకు ఆమె కుర్చీ తెచ్చి వేసింది. మధ్యాహ్నం దాకా అక్కడే కూర్చున్నా.

ఇక్కడి నుంచి నార్త్ కేప్ నాలుగు వేల కిలోమీటర్లు. ఇరవై రోజులుంది. బండి బాగుంది, నా ఒళ్ళూ బాగుంది. చేరగలను.

ఆయన కల తీర్చి ఆ చివర నిలబడితే ఏదో తీరిపోతుందనుకుని ఇంత దూరం వచ్చాను. అక్కడ నిలబడి వీడియోలో నిజం చెప్పొచ్చు కదా అని కూడా ఆలోచించాను. కానీ చెప్పి, బటన్ నొక్కి, ఫోన్ ఆపేయొచ్చు. పిల్లల మొహాలు చూడక్కర్లేదు. అది నాకు వద్దు.

బండిని వెనక్కి నడిపి కాన్‌స్టాంట్సా రేవుకు తీసుకుపోతున్నా. ఓడలో అది నిదానంగా వస్తుంది. నేను విమానంలో బెంగళూరు వచ్చి, అక్కడి నుంచి బస్సులో మదనపల్లె చేరతాను. మునిస్వామి సార్‌కి వస్తున్నానని మాత్రం చెప్పాను. ఎందుకో చెప్పలేదు.

నీ దగ్గరికి రాను. నువ్వు పిలిచే దాకా రాను.

జెమీమా

*

మదనపల్లె
20 జూన్ 2024

వదినా,

నిన్న చెప్పాను.

బడి మైదానంలో పిల్లలు, తల్లిదండ్రులు కొందరు. పాట అయిపోయింది. మునిస్వామి సార్ నా చేతికి మైకు ఇస్తూ, "మేడమ్ దేశాలన్నీ తిరిగి మన కోసరం వచ్చింది" అన్నారు. నేను రాసుకున్న కాగితం తీశాను గానీ చదవలేదు. ఆ రోజు బండి నడిపింది నేను, సార్ కాదు అన్నాను. అంతే, ఆ తరువాత మాటలు వాటంతటవే వచ్చాయి. రెండేళ్ళు దాచానని కూడా చెప్పాను.

ఆడవాళ్ళ వరుసలోంచి ఎవరో, "మొగుణ్ణి సంపి రెండేండ్లు నాటకమాడిందా ఈయమ్మ?" అంది. గట్టిగానే అంది. ఫిలిప్ లేచి వెళ్ళిపోయాడు. నా ముందు నుంచే నడిచిపోయాడు, చూడలేదు.

అప్పుడు తొమ్మిదో తరగతి పిల్ల, అంబిక అట దాని పేరు, లేచి నిలబడింది. "మేడమ్, అట్లయితే మా సార్ స్పీడుగా పోలేదా?" అంది. "లేదమ్మా. సార్ వెనకాల కూర్చుని గుట్టల వయసు చెబుతున్నారు" అన్నాను. "రెండు వందల యాభై కోట్ల సంవత్సరాలు" అని వెనక వరుసల నుంచి నలుగురైదుగురు ఒక్కసారే అన్నారు. ఆయన వాళ్ళకు నేర్పిందే. మెట్ల మీద కూలబడ్డాను.

మునిస్వామి సార్ నా దగ్గరికి వచ్చి, "ముందే చెప్పుంటే ఆయన పేరును నేనిట్లా ఊరూరా తిప్పకపోదును కదమ్మా" అన్నారు. కోపం లేదు ఆ గొంతులో. అదే నాకు కష్టమైంది. ఆయనే మనిషిని పిలిచి బ్యానరు దించమన్నారు.

సాయంత్రం పోలీస్ స్టేషన్‌కి పోయి రాసిచ్చాను. ఎస్సై చదివి సంతకం తీసుకున్నాడు. కేసు మళ్ళీ తెరవాలా వద్దా అనేది పైవాళ్ళు చెబుతారట. ఏం చెప్పినా సరే అన్నాను.

ఈరోజు పాలు తేవడానికి బయటికి పోతే ముగ్గురు మొహం తిప్పుకున్నారు. ఒకామె ఆగి, ఊరికే చెయ్యి పట్టుకుని వదిలేసింది.

నువ్వు వస్తావేమోనని పిల్లల తలల మీదుగా గేటు వైపు చూస్తూనే ఉన్నా. రాలేదు. సరే.

జెమీమా

*

కుప్పం
25 జూన్ 2024

జెమీమా,

వచ్చాను. సైకిళ్ళు పెట్టే రేకుల షెడ్డు వెనకాల నిలబడ్డాను. అంతా విన్నాను. నువ్వు మెట్ల మీద కూర్చుండిపోయినప్పుడు రెండడుగులు వేసి ఆగిపోయాను. నిన్ను పట్టుకుని ఏడ్చేంత మెత్తదనం నాలో ఇంకా రాలేదు. అబద్ధం చెప్పలేను.

బస్సెక్కి పుంగనూరుకు టికెట్ తీసుకున్నాను. దారిలో నువ్వు రాసిన ఆ గుట్టలు కనబడ్డాయి. బస్సు ఆపించి దిగేశాను. రెండేళ్ళలో నేను ఆ చోటు చూడనే లేదు. రోడ్డు పక్క ఒక ఇల్లు, రెండు ఆవులు. ఒక పెద్దామె గడ్డి వేస్తోంది. పేరు అక్కమ్మ. నేను ఎవరో చెప్పగానే చేతిలో గడ్డి కింద పెట్టేసింది.

ఆమె చెప్పింది ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"దూడ నాదే తల్లీ. తాడు తెంపుకోని రోడ్డెక్కె. ఆయమ్మ నిదానంగానే వస్తాండె, నేను సూస్తానే ఉండా. ఆయమ్మ పడి, తెలివి లేదు. ఆయప్ప ఈ గట్టు మింద పడుండె. బండి ఇంకా గుర్రుమని తిరగతానే ఉండె. నేను నీళ్ళు తీసుకోని పోతే తాగలే. 'అమ్మా, పెట్రోలు కారతాంది. ఆ తాళం తిప్పు' అనె. నాకేం తెలుసు, తిప్పితే తిరగలే. 'అట్ల గాదు, ఎడమ పక్కకి' అనె. నేను చెయ్యి ఎనక్కి తీసుకుంటి. 'భయపడాకు, నిదానంగా తిప్పు' అనె. తిప్పితి. బండి ఆగిపాయె. 'ఆ, అదే. బాగా చేసినావు' అనె నాతో. ఇంగ మాట్లాడలే. కండ్లు మూసుకునె. పోలీసులొస్తే దూడ నాదని సెప్పేదానికి భయపడి నేను లోపలికి పోతి. ఇప్పటిదాకా ఎవురికీ సెప్పలేదు తల్లీ."

జెమీమా, వాడి ఆఖరి మాట అది. ఎవరికో ఒక పని నేర్పి, చేశాక బాగా చేసినావు అనడం. వాడు తరగతిలో ఎట్లా అనేవాడో నీకు తెలుసు, నాకు తెలుసు.

ఆ మాట రెండేళ్ళుగా రోడ్డు పక్కన ఆ ఇంట్లో ఉండిపోయింది. ఒక్కసారి పోయి అడిగి ఉంటే మనకు దొరికేది. నువ్వు అడగలేదు, నిజం బయటపడుతుందని. నేను అడగలేదు, అందుకే. మన ఇద్దరి భయానికి వాడి మాట బలైంది. బస్సులో ఇంటికి వస్తూ దీని గురించే ఆలోచించాను.

అక్కమ్మ నిన్ను చూడాలంటోంది. నీ కాళ్ళు పట్టుకుంటానంటోంది. వద్దని నేను చెప్పాను గానీ అది నువ్వు చెప్పాలి.

ఈ రెండు ఆదివారాలు నాకు డ్యూటీ ఉంది. ఆ పై ఆదివారం పది గంటలకు పుంగనూరు బస్టాండులో ఉంటాను. ఇద్దరం ఆమె దగ్గరికి పోదాం. దారిలో నాతో మాట్లాడాలని చూడొద్దు, నాకు మాటలు రావు. బస్సులో నా పక్కన సీటు ఉంచుతాను. వచ్చి కూర్చో.

హెలెన్